రబ్బరు పాలు గీసిన చేతులు, రబ్బరు లెక్క తేల్చిన చేతులు

డ్యూటీ టైముతో కుదరక ఎపిసోడ్ వినలేకపోయిన వాళ్ళ కోసం, రూములో నెట్ సరిగా రాని వాళ్ళ కోసం, ఈ వారం చెప్పుకున్నదంతా ఇక్కడ రాతలో పెడుతున్నాం. తీరిగ్గా చదువుకోండి.

ఈసారి విషయం రబ్బరు. సైట్‌లో మీరు తొడుక్కునే గ్లవ్స్, ట్రైలర్ టైరు, ఫ్లైఓవర్ దూలం కింద పెట్టే బేరింగ్ ప్యాడ్, కన్వేయర్ బెల్టు, గ్యాస్ పైపు. రోజూ మన చేతుల్లో ఉండే వస్తువే. ఇది సాగుతుంది, వంగుతుంది, నలుగుతుంది, ఒకరోజు చినుగుతుంది. ఎంత సాగుతుంది, ఎప్పుడు చినుగుతుంది అని లెక్కగట్టే శాస్త్రం ఒకటి ఉంది. యూనివర్సిటీల్లో దాన్ని సాఫ్ట్ మెటీరియల్స్ మెకానిక్స్ అంటారు. మెత్తటి పదార్థాల బలాబలాల శాస్త్రం అనుకోండి. అమెరికాలో, యూరప్‌లో, చైనాలో, సింగపూర్‌లో ఈ శాఖలో పీహెచ్‌డీ సీట్లు, పరిశోధన ఉద్యోగాలు పడుతూనే ఉంటాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ శాస్త్రానికి పునాది వేసిన వాళ్ళకు జీతాలు ఎక్కడి నుంచి వచ్చాయి? చాలావరకు మలయా రబ్బరు తోటల నుంచి. ఆ తోటల్లో పాలు గీసిన వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఈ రెండు కథలనూ ఎప్పుడూ విడివిడిగానే చెబుతారు. ఈ రోజు కలిపి చెప్పుకుందాం.

గింజ నుంచి గీత దాకా

రబ్బరు చెట్టు మలేషియాది కాదు. దాని పుట్టిల్లు బ్రెజిల్‌లోని అమెజాన్ అడవి. 1876లో హెన్రీ విక్‌హమ్ అనే ఇంగ్లిష్‌వాడు అక్కడి నుంచి సుమారు 70 వేల గింజలు లండన్ దగ్గరి క్యూ ఉద్యానవనానికి చేర్చాడు. వాటిలో మొలిచినవి 2,700 దాకా. మరుసటి ఏడు 22 మొక్కలు సింగపూర్‌కు వచ్చాయి. ఆసియా రబ్బరు తోటల కథ అలా మొదలైంది.

మొదట్లో ఎవరికీ దీని మీద నమ్మకం లేదు. 1888లో సింగపూర్ ఉద్యానవనానికి అధికారిగా వచ్చిన హెన్రీ రిడ్లీ మాత్రం కనిపించిన ప్రతి తోట యజమానికీ రబ్బరు గింజలు అంటగట్టేవాడు. అందరూ ‘పిచ్చి రిడ్లీ’ అని నవ్వేవాళ్ళు. ఆయన చేసిన పెద్ద పని గింజలు పంచడం కాదు. చెట్టు చావకుండా, ఒకే చెట్టు నుంచి ఏళ్ళ తరబడి పాలు తీసే గీత పద్ధతిని తేల్చడం. బెరడును పలచగా, ఏటవాలుగా చెక్కాలి. మళ్ళీ వంతు వచ్చినప్పుడు అదే గీత అంచున ఇంకో సన్నని పొర తీయాలి. 1896లో టాన్ చే యాన్ మలక్కాలో వ్యాపారం కోసం మొదటి రబ్బరు తోట వేశాడు. తర్వాత కార్లు వచ్చాయి. కార్లకు టైర్లు కావలసి వచ్చాయి. ఇక మలయా కొండవాలులన్నీ రబ్బరే.

మన ఊళ్ళలో కల్లు గీసే వాళ్ళను చూసినవాళ్ళకు ఈ పని సంగతి సులువుగా అర్థమవుతుంది. కత్తి ఎంత దిగాలో చేతికి తెలియాలి. రబ్బరు చెట్టుకు పాల నాళాలు బెరడు లోపలి పొరల్లో ఉంటాయి. వాటికి ఇంకాస్త లోపల, చెట్టును పెంచే జీవపొర ఉంటుంది. కత్తి పైపైన తగిలితే పాలు రావు. లోపలికి దిగితే చెట్టుకు గాయమై ఆ చోట బెరడు సరిగా పెరగదు. మధ్యలో తేడా మిల్లీమీటరు లెక్కల్లోనే. గీత ఎడమ పైనుంచి కుడి కిందికి దిగాలి, ఎందుకంటే పాల నాళాలు నిట్టనిలువుగా ఉండవు, కొంచెం ఒరిగి చెట్టును చుట్టుకుంటూ పోతాయి. అలా గీస్తేనే ఎక్కువ నాళాలు తెగుతాయి.

ఇక టైము. సూర్యుడు రాకముందే గీత మొదలవ్వాలి. రాత్రంతా ఆకులు నీళ్ళు కోల్పోవు కాబట్టి తెల్లవారుజామున నాళాల్లో ఒత్తిడి బాగా ఉంటుంది, పాలు ధారగా కారతాయి. ఎండెక్కితే ఒత్తిడి పడిపోయి ధార సన్నబడుతుంది. అందుకే చీకట్లోనే చెట్టు చెట్టుకూ తిరిగి వందల చెట్లు గీయడం, తర్వాత మళ్ళీ అదే దారిన తిరిగి కప్పుల్లోని పాలు బకెట్టులోకి వంచుకోవడం, మోసుకొచ్చి తూకం వేయించడం. ఆ పాలలో రబ్బరు మూడో వంతు ఉంటుంది, మిగతాది దాదాపు నీళ్ళే. యాసిడ్ చుక్కలు వేసి గడ్డకట్టించి, రోలర్లలో పలకలుగా ఒత్తి, పొగ గదిలో ఆరబెట్టేవాళ్ళు.

ఒత్తిడి ఎప్పుడు ఎక్కువ, కోత ఎంత లోతు, ఏ వాలు. ఇదంతా మెత్తటి పదార్థాల శాస్త్రమే. కాకపోతే ఈ శాస్త్రం పుస్తకంలో కాకుండా చేతిలో ఉండేది.

కంగాణీ వెంట వెళ్ళిన వాళ్ళు

ఆ చేతులు ఎవరివి? బ్రిటిష్ తోటల్లో ఎక్కువమంది కూలీలు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్ళారు. వాళ్ళలో అత్యధికులు తమిళులు. వాళ్ళతో పాటు తెలుగువాళ్ళు, మలయాళీలు. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోవే కదా. తెలుగువాళ్ళు రబ్బరు తోటల్లోనూ ఉన్నారు, పేరా రాష్ట్రంలోని బగాన్ డాటో వైపు కొబ్బరి తోటల్లోనూ ఉన్నారు. భారతీయులను అక్కడ చాలాకాలం ‘క్లింగ్’ అని పిలిచేవాళ్ళు. ఆ మాట కళింగం నుంచి వచ్చిందని చెబుతారు. మన ఉత్తర తీరం పేరు అక్కడ తిట్టుగా మారిపోయిందన్నమాట.

తీసుకెళ్ళే పద్ధతి మీకు కొత్తగా అనిపించదు. తోటలో ముందే పనిచేస్తున్న కంగాణీని యజమాని ఊరికి పంపేవాడు. కంగాణీ తన బంధువులను, తన ఊరివాళ్ళను, తన కులంవాళ్ళను కూడగట్టుకుని వచ్చేవాడు. తలకింత అని అతనికి డబ్బు ముట్టేది. తెలిసినవాడే కాబట్టి జనం నమ్మేవాళ్ళు. తెలిసినవాడే కాబట్టి అక్కడికి పోయాక ఎదురు చెప్పలేకపోయేవాళ్ళు. మన ఊళ్ళలో ఇప్పటి సబ్ ఏజెంట్‌ను తలుచుకోండి, సరిపోతుంది.

రబ్బరు ధర ప్రపంచ మార్కెట్ చేతిలో ఉండేది. 1930 తర్వాత ధర కుప్పకూలితే వేలాది భారతీయ కూలీలను ఓడలెక్కించి ఇంటికి పంపేశారు. ధర లేచినప్పుడు మళ్ళీ రప్పించారు. పని ఉంటే మనిషి, లేకపోతే టికెట్టు.

1938: ఒకే ఏడు, రెండు సంగతులు

1934లో రబ్బరు పండించే దేశాలను పాలిస్తున్న ప్రభుత్వాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఎవరు ఎంత ఎగుమతి చేయాలో కోటా పెట్టి ధర నిలబెట్టడం దాని ఉద్దేశం. దాంతోపాటు ఎగుమతి అయ్యే రబ్బరు మీద కొంత సుంకం వసూలు చేసి పరిశోధనకు వాడాలన్న ఏర్పాటూ వచ్చింది. మలయాలో అప్పటికే 1925లో ఏర్పడిన రబ్బరు పరిశోధన సంస్థ ఉంది. అది చెట్టు గురించి, తోట గురించి చూసేది. రబ్బరు అనే పదార్థం గురించి, దాని సాగుడు గురించి, చినుగుడు గురించి చూడటానికి ఇంగ్లండ్‌లో ఇంకో సంస్థ పెట్టారు. పేరు బ్రిటిష్ రబ్బర్ ప్రొడ్యూసర్స్ రిసెర్చ్ అసోసియేషన్. పెట్టిన ఏడాది 1938. లండన్‌కు ఉత్తరాన వెల్విన్ గార్డెన్ సిటీలో దాని ల్యాబ్.

అదే 1938లో ఇంకో సంగతి జరిగింది. ధర మళ్ళీ పడిందని మలయా తోటల యజమానులు భారతీయ కూలీల రోజు కూలి తగ్గించారు. దాని మీద ఇండియాలో పెద్ద గొడవ అయింది. చివరికి భారత ప్రభుత్వం మలయాకు కూలీలను చేర్చి పంపడాన్ని నిషేధించింది. కంగాణీ దారి అక్కడితో మూసుకుపోయింది.

అంటే ఒకే ఏడాది, ఒకే రబ్బరు నుంచి, ఒక చోట శాస్త్రవేత్తలకు కొత్త ఉద్యోగాలు పుట్టాయి, ఇంకో చోట కూలి తగ్గింది. కూలి కోసి ల్యాబ్ కట్టారని నేను అనడం లేదు. సుంకం కట్టింది కాగితం మీద ఎగుమతిదారులు. ఆ భారం తోటల కంపెనీల మీదా, రెండెకరాలు మూడెకరాలు ఉన్న మలయ్, చైనీస్ చిన్న రైతుల మీదా పడింది. కానీ చెట్టు నుంచి పాలు దిగకపోతే ఎగుమతీ లేదు, సుంకమూ లేదు. ఆ పాలు దింపిన చేతికి మాత్రం ఆ డబ్బు ఎక్కడికి పోతోందో చెప్పినవాళ్ళు లేరు, అడిగినవాళ్ళూ లేరు.

యుద్ధం

1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ చేతికి పోయింది. మలయా, పక్కనున్న డచ్ దీవులు కూడా పోయేసరికి అమెరికా, బ్రిటన్‌లకు అందే రబ్బరులో దాదాపు 90 శాతం ఒక్కసారిగా ఆగిపోయింది. ట్రక్కుకు టైరు లేదు, విమానానికి టైరు లేదు. అమెరికా పెట్రోలియం నుంచీ ఆల్కహాలు నుంచీ సింథటిక్ రబ్బరు తయారుచేసే ఫ్యాక్టరీలు హడావిడిగా కట్టింది. 1944కల్లా వాటి ఉత్పత్తి ఏడాదికి 7 లక్షల టన్నులు దాటింది.

తోటల్లో మిగిలిన కూలీల గతి వేరు. రబ్బరు కొనేవాడు లేడు, కూలి లేదు, బియ్యం లేదు. జపాన్ సైన్యం థాయిలాండ్ నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయడానికి తోటల్లోంచి మనుషులను తరలించింది. కొందరిని ఆశ పెట్టి, ఎక్కువమందిని బలవంతంగా. మలయా నుంచి పోయినవాళ్ళలో ఎక్కువమంది తమిళ కూలీలు, వాళ్ళతో పాటు తెలుగువాళ్ళు కూడా. కలరా, మలేరియా, ఆకలి. ఆ మార్గంలో ప్రాణాలు పోయిన ఆసియా కూలీలు సుమారు 90 వేలు అని అంచనా. యుద్ధఖైదీల సమాధులకు పేర్లున్నాయి. ఈ కూలీల్లో చాలామందికి సమాధే లేదు.

రబ్బరు బ్యాండ్‌ను పెదవికి తాకించి చూడండి

ఇప్పుడు వెల్విన్ ల్యాబ్‌కు వద్దాం. ముందు మీరే ఒక చిన్న ప్రయోగం చేయండి. వెడల్పాటి రబ్బరు బ్యాండ్ ఒకటి తీసుకోండి. చటుక్కున బాగా సాగదీసి వెంటనే పై పెదవికి తాకించండి. వెచ్చగా తగులుతుంది. సాగదీసే కాసేపు పట్టుకుని, చల్లారాక, వదిలి మళ్ళీ తాకించండి. ఈసారి చల్లగా ఉంటుంది. దీన్ని 1805లో ఇంగ్లండ్‌లో జాన్ గఫ్ అనే ఆయన రాసిపెట్టాడు. ఆయనకు చూపు లేదు. పెదవితోనే కనిపెట్టాడు. ఇంకో విచిత్రం కూడా ఆయనే చెప్పాడు: బరువు వేలాడదీసి సాగదీసిన రబ్బరును వేడిచేస్తే ఇంకా సాగదు, ముడుచుకుంటుంది.

ఇనప స్ప్రింగ్ ఇలా చేయదు. మరి రబ్బరు ఎందుకు చేస్తుంది? 1930లలో యూరప్ శాస్త్రవేత్తలు జవాబు తేల్చారు. రబ్బరు అణువులు పొడవాటి పోగులు. బడి ఆవరణలో వందమంది పిల్లలు చేతులు పట్టుకుని వరసగా ఉన్నారనుకోండి. ఎవరికి తోచినట్టు వాళ్ళు గెంతుతున్నారు. రెండు చివరల ఉన్నవాళ్ళను పట్టుకుని లాగితే వరస నిటారుగా వస్తుంది. వదిలేస్తే కాసేపటికి అదే చుట్టలు చుట్టుకుని కుంచించుకుపోతుంది. వెనక్కి లాగింది ఎవరూ కాదు, ఆ గెంతులే. వేడి ఎక్కువైతే గెంతులు ఎక్కువ, కాబట్టి లాగుడు కూడా ఎక్కువ. రబ్బరు బలం ఇదే.

ఈ ఊహను కొలతలతో సరిచూసిన వాళ్ళలో ముఖ్యుడు ఎల్.ఆర్.జి. ట్రెలోర్. రబ్బరు పలకను రకరకాలుగా సాగదీసి 1944లో ఆయన అచ్చువేసిన కొలతలను, కొత్త సూత్రం రాసిన ప్రతివాడూ ఇప్పటికీ ఎదురుపెట్టి చూసుకుంటాడు. అదే ఏడు రొనాల్డ్ రివ్లిన్ అనే గణితం మనిషి ఈ సంస్థలో చేరాడు. ఇనుము సాగేది వెంట్రుకవాసి, కాబట్టి పాత ఇంజనీరింగ్ సూత్రాలు అంత వరకే పనికొస్తాయి. రబ్బరు తన పొడవుకు ఐదు ఆరు రెట్లు సాగుతుంది. అంత పెద్ద సాగుడుకు పనికొచ్చే గణితాన్ని రివ్లిన్ కట్టాడు. ఇవాళ కంప్యూటర్‌లో టైరునో, గుండె కవాటాన్నో డిజైన్ చేసేవాళ్ళు వాడే సూత్రాలకు మూలం అక్కడే ఉంది.

చినుగుడు లెక్క

బట్టల కొట్టులో గుడ్డ చించడం చూశారు కదా. కొట్టువాడు అంచున కత్తెరతో చిన్న గాటు పెడతాడు, తర్వాత రెండు చేతులతో లాగితే సర్రున పోతుంది. గాటు లేకుండా ఎంత లాగినా చినగదు. అంటే వస్తువు బలం ఎంత అని అడిగితే సరిపోదు, గాటు పడ్డాక ఎంత ఓర్చుకుంటుంది అని అడగాలి.

గాజు గురించి ఈ ప్రశ్నకు 1921లో ఎ.ఎ. గ్రిఫిత్ జవాబు చెప్పాడు. రబ్బరుకు ఆ లెక్క నేరుగా పనికిరాలేదు. గాటు కొసన రబ్బరు విపరీతంగా సాగి ఆకారమే మారిపోతుంది. అక్కడ ఎంత బలం పడుతోందో కొలవడం కుదరదు. 1953లో రివ్లిన్, ఆయనతో పనిచేసిన ఎ.జి. థామస్ కలిసి దారి చూపించారు. గాటు కొసను చూడొద్దు, మొత్తం పలకలో దాగిన శక్తి లెక్క చూడండి అన్నారు. చినుగు కొంచెం ముందుకు పోతే పలకలోంచి ఎంత శక్తి విడుదలైంది? ఒక హద్దు దాటితేనే చినుగుతుంది. పలక ఆకారం మార్చి చూసినా ఆ హద్దు దాదాపు అదే వచ్చింది. అంటే అది పలకది కాదు, పదార్థానిది.

కొలిచే పద్ధతి ఎంత తేలికో చూడండి. రబ్బరు పట్టీని మధ్యలోంచి సగం దాకా కోస్తే ప్యాంటు ఆకారం వస్తుంది. ఒక కాలు పైకి, ఒక కాలు కిందికి లాగాలి. చినుగుతున్నప్పుడు పడుతున్న బలాన్ని రెండింతలు చేసి, పట్టీ మందంతో భాగిస్తే చాలు. కాళ్ళు పెద్దగా సాగకపోతే అదే చినుగుడు శక్తి. దీన్ని ట్రౌజర్ టెస్ట్ అంటారు. ఇప్పటికీ ప్రపంచమంతా చేస్తారు.

సహజ రబ్బరు గొప్పతనం ఈ పరీక్షల్లో స్పష్టంగా కనబడింది. గాటు కొసన రబ్బరు బాగా సాగినప్పుడు దాని పోగులు వరసకట్టి చిన్న స్ఫటికాలుగా గట్టిపడతాయి. చినుగుకు అడ్డం నిలబడతాయి. యుద్ధకాలపు సింథటిక్ రబ్బరుకు ఈ గుణం లేదు. విమానాల టైర్లలో ఈ రోజుకీ సహజ రబ్బరు ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం. మిమ్మల్ని దుబాయ్‌లోనో దోహాలోనో దించిన విమానం రన్‌వేను తాకినప్పుడు ఆ దెబ్బను ఓర్చుకున్నది చెట్టు పాలే.

1967లో గ్రాహం లేక్, థామస్ ఇంకో మాట తేల్చారు. పోగులో తెగేది ఒకే ఒక్క లంకె. కానీ అది తెగాలంటే ముందు ఆ పోగులోని లంకెలన్నీ బిగుసుకోవాలి. తెగగానే అన్నింటిలో ఉన్న శక్తీ ఒక్కసారే పోతుంది. అందుకే మెత్తటి పదార్థం చినగడానికి, ఒక్క లంకె తెంచే ఖర్చు కాదు, మొత్తం పోగు ఖర్చు కట్టాలి. పోగు పొడవైతే ఓర్పు ఎక్కువ.

తోట మూతపడింది, లెక్క మిగిలింది

ఈ విద్య ఇళ్ళ కిందికీ వంతెనల కిందికీ పోయింది. రబ్బరును నొక్కితే దాని ఘనపరిమాణం తగ్గదు, పక్కలకు ఉబ్బుతుంది. ఉబ్బకుండా మధ్యమధ్య స్టీల్ పలకలు అతికిస్తే నిలువు బరువుకు రాయిలా ఉంటుంది, అడ్డంగా మాత్రం మెత్తగా కదులుతుంది. ఫ్లైఓవర్ పనిలో ఉన్నవాళ్ళు మోసి పెట్టే బేరింగ్ ప్యాడ్ ఇదే. 1950ల చివర్లో ఇంగ్లండ్‌లోని లింకన్ పట్టణంలో పెల్హమ్ వంతెన కింద సహజ రబ్బరు బేరింగులు పెట్టారు. 1966లో లండన్‌లో భూగర్భ రైలు మీద కట్టిన ఆల్బనీ కోర్ట్ భవనాన్ని అదురు తెలియకుండా రబ్బరు మీద నిలబెట్టారు. 1985లో కాలిఫోర్నియాలో భూకంపాన్ని తట్టుకునే కోర్టు భవనం కింద వెల్విన్ ల్యాబ్ వారసులు రూపొందించిన రబ్బరు పెట్టారు. 2001 భూకంపంలో కూలిన భుజ్ ఆసుపత్రిని మళ్ళీ కట్టినప్పుడు దాని కిందా రబ్బరు బేరింగులు వేశారు.

తోటల కూలీలకు ఏమైంది? 1957లో మలయాకు స్వాతంత్ర్యం వచ్చింది. తోటలు ముక్కలై చేతులు మారాయి. తర్వాత రబ్బరు నరికి పామాయిల్ వేశారు. పామాయిల్‌కు మనుషులు తక్కువ చాలు. తోట పోతే అందులోని లైను ఇల్లూ పోయేది, బడీ పోయేది, గుడీ పోయేది. 1969లో పౌరసత్వం లేనివాళ్ళకు వర్క్ పర్మిట్ తప్పనిసరి చేశారు. అక్కడే పుట్టి పెరిగినా చేతిలో కాగితం లేనివాళ్ళు వేలమంది ఇండియాకు వచ్చేశారు. ముప్ఫై ఏళ్ళు గీసిన చెట్టు వాళ్ళకు సాక్ష్యం చెప్పలేదు. అకామా రెన్యూవల్ కోసం ఎదురుచూసే వాళ్ళకు దీని బరువు వేరే చెప్పక్కర్లేదు.

ఒక తలుపు మాత్రం తెరుచుకుంది. పరిశోధన ఉద్యోగాలు మొదట తెల్లవాళ్ళవే. 1966లో బి.సి. శేఖర్ మలయా రబ్బరు పరిశోధన సంస్థకు తొలి ఆసియా డైరెక్టర్ అయ్యాడు. మలయాళీ కుటుంబం. 1929లో కౌలాలంపూర్ దగ్గర రబ్బరు తోటలోనే పుట్టాడు. సింథటిక్ రబ్బరు పోటీకి తట్టుకోవాలంటే పొగబెట్టిన పలకలను కంటిచూపుతో గ్రేడు చేసే పాత పద్ధతి చాలదని, పరీక్షించి నాణ్యత రాసిచ్చే పద్ధతిని 1965లో తెచ్చిన వాళ్ళలో ఆయనే ముందున్నాడు. 1973లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. ఇంగ్లండ్‌లోని ల్యాబ్ కూడా తర్వాత మలేషియా పేరు కిందికే వచ్చింది. ఇవాళ అది టున్ అబ్దుల్ రజాక్ పరిశోధన కేంద్రం. రబ్బరు పండించిన దేశం చివరికి ఆ ల్యాబ్‌కు యజమాని అయింది. గీసినవాడి బిడ్డలందరికీ ఆ తలుపు అందలేదు, అదీ నిజమే.

ఇప్పటి కొత్త పని

2003లో జపాన్‌లో జియాన్ పింగ్ గాంగ్ బృందం నీళ్ళతో నిండిన జెల్లీ లాంటి పదార్థాన్ని రెండు అల్లికలుగా తయారుచేసింది. ఒక అల్లిక తెగుతూ శక్తిని మింగుతుంది, రెండోది పట్టి ఉంచుతుంది. 2012లో హార్వర్డ్‌లో జిగాంగ్ సువో, ఆయన తోటివాళ్ళు కలిసి సుమారు 90 శాతం నీళ్ళే ఉన్న జెల్‌ను తన పొడవుకు 20 రెట్లు సాగేలా చేశారు. దాని చినుగుడు శక్తి చదరపు మీటరుకు 9,000 జౌళ్ళ దాకా వచ్చింది. ఇది సహజ రబ్బరుతో పోల్చదగ్గ అంకె. అరిగిన మోకాలి చిప్పల మధ్య పెట్టే మెత్తకు, గాయం మీద అతికే పట్టీకి, మెత్తటి రోబో చేతులకు ఇలాంటివి వాడాలని ప్రయత్నాలు సాగుతున్నాయి. చినుగుడు శక్తి అనే ఆ కొలమానం 1953 నాటిదే. ఇప్పటికీ వీళ్ళు రివ్లిన్, థామస్ పేర్లు రాసే మొదలుపెడతారు.

సూత్రానికి కనిపెట్టిన వాడి పేరు పెట్టడం న్యాయమే. రివ్లిన్‌ను, థామస్‌ను తక్కువ చేయాల్సిన పని లేదు. వాళ్ళది నిజమైన పని. కానీ వాళ్ళు ప్యాంటు ఆకారంలో కోసిన రబ్బరు పట్టీ చెట్టు నుంచి వచ్చింది. ఆ చెట్టును నాలుగింటికి లేచి, మిల్లీమీటరు తేడా రాకుండా గీసిన వాళ్ళున్నారు. కత్తి ఒక్క వెంట్రుక ఎక్కువ దిగితే ఆ చెట్టు చెడేది, పాలు ఆగేవి, సుంకం ఆగేది, ల్యాబులో జీతం ఆగేది. వాళ్ళ పేర్లు ఏ పరిశోధన పత్రంలోనూ లేవు. తోటల హాజరు పట్టీల్లో ఉన్నాయి. అక్కడా కొన్నిసార్లు తప్పుగానే రాశారు.

మన పిల్లల్లో ఎవరైనా ఇంజనీరింగ్ తర్వాత ఈ శాఖలో సీటు వచ్చిందని చెబితే, ‘అదేం చదువు, రబ్బరు చదువా’ అని నవ్వకండి. వాళ్ళ స్టైపెండ్ వెనక ఎవరి పన్ను ఉందో, వాళ్ళు పరీక్షించే ముక్క ఎవరి చేతి మీదుగా వచ్చిందో అడగమనండి. అడిగితే శాస్త్రం తగ్గదు. రేపు సైట్‌లో గ్లవ్స్ తొడుక్కునేటప్పుడు వేలి దగ్గర చిన్న గాటు కనిపిస్తే మాత్రం, ‘ఇంకో రోజు నడుస్తుందిలే’ అనుకోకుండా మార్చేయండి. గాటు పడ్డాక రబ్బరు లెక్క వేరు. ఆ సంగతి రుజువు చేయడానికి చాలామంది చాలా కట్టారు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. మలేషియాలోనో బర్మాలోనో తోట పనికి వెళ్ళిన తాతముత్తాతలు మీ ఇంట్లో ఉంటే, వాళ్ళు ఏ ఊరి నుంచి వెళ్ళారో, ఏ పని చేశారో వాయిస్ మెసేజ్ పెట్టండి. వాళ్ళ పేర్లు మనమైనా సరిగ్గా రాసుకుందాం.